హెర్పిస్ ఉందని కంచం వేరు చేయకండి: అపోహలు - వాస్తవాలు

నేను చర్మ, సుఖవ్యాధుల డాక్టర్ని. హెర్పిస్ అంటే పెదవుల మీద, జననాంగాల దగ్గర పొక్కులు, పుండ్లు తెప్పించే వైరస్ జబ్బు. ఆ పేరు చెప్పగానే ఎదురుగా కూర్చున్నవాళ్లు ముందు మందు గురించి అడగరు. "పిల్లలకు అంటుకుంటుందా డాక్టర్ గారూ? వాళ్లతో కలిసి తినొచ్చా?" అంటారు. కొందరు అప్పటికే కంచం, గ్లాసు వేరు పెట్టుకుని వస్తారు. వాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: బాత్రూమ్, తువ్వాలు, కంచాల వల్ల వస్తుంది.
వాస్తవం: రాదు. ఈ వైరస్ ఒంటి బయట ఎక్కువసేపు బతకదు. చర్మానికి చర్మం, పెదవికి పెదవి తగలాలి. బస్టాండ్ టాయిలెట్, ఈతకొలను, దోమకాటు దీనికి దారులు కావు. పెదవి మీద పచ్చిపుండు ఉన్నప్పుడు మాత్రం దానికి తగిలిన లిప్‌బామ్ లాంటివి ఇంకొకరికి ఇవ్వకండి. ఆ పుండును ముట్టుకున్న చేతితో కళ్లు నలుపుకోకండి.

అపోహ: పుండు కనిపిస్తేనే అంటుతుంది.
వాస్తవం: పుండు కనిపించనప్పుడే చాలామందికి అంటుతుంది. పుండు మానాక వైరస్ పోదు, నాడుల మొదట్లో దాక్కుంటుంది. అప్పుడప్పుడు చప్పుడు లేకుండా చర్మం మీదికి వస్తుంది. ఆ రోజు మంటా ఉండదు, దురదా ఉండదు. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది కానీ అది కప్పని చర్మం కొంత మిగిలే ఉంటుంది. ఈ వైరస్‌ను అణిచే వాలసైక్లోవిర్ మాత్ర రోజూ వేసుకుంటే జననాంగ హెర్పిస్ భాగస్వామికి అంటే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుందని 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. అది మీకు అవసరమా కాదా అన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి. చిమచిమలాడటం మొదలైన రోజు నుంచి చెక్కు రాలి చర్మం మామూలయ్యేదాకా మాత్రం కలయిక వద్దు.

అపోహ: ఇప్పుడు బయటపడిందంటే ఈమధ్యే ఎక్కడో తప్పు చేశారు.
వాస్తవం: ఈ ఒక్క మాటతో కాపురాలు చెడటం నా గదిలోనే చూశాను. అంటుకున్న 2 నుంచి 12 రోజుల్లో పొక్కులు రావచ్చు, నిజమే. కానీ చాలామందికి అప్పుడేమీ కనిపించదు, ఏళ్ల తర్వాత మొదటిసారి పైకి తేలుతుంది. పైగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వాళ్లలో దాదాపు 380 కోట్ల మందికి టైప్-1, అంటే ఎక్కువగా నోటి దగ్గర వచ్చే రకం హెర్పిస్ వైరస్, ఉంది. చాలామందికి అది చిన్నప్పుడు పెద్దవాళ్లు పెట్టిన ముద్దుతోనే వస్తుంది. జ్వరం వస్తే పెదవి పొక్కే మనిషి నోటి ద్వారా జరిగే కలయికలో దాన్ని జననాంగాలకు అంటించగలరు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ రక్తపరీక్షా చెప్పలేదు. ఐజీఎం అనే రక్తపరీక్షకైతే డబ్బు తగలేయకండి. పొక్కు తాజాగా ఉండగానే వచ్చి చూపించుకోండి, అందులోని నీటిని వైరస్‌ను గుర్తించే పీసీఆర్ పరీక్షకు పంపితే అది హెర్పిస్ అవునో కాదో తెలుస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధుల కోసం సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి, అక్కడ వైద్యం ఉచితం.

అపోహ: సర్పి, ఇది ఒకటే.
వాస్తవం: కాదు. సర్పి ఆటలమ్మ వైరస్ పని. దానికీ కలయికకూ సంబంధం లేదు.

అపోహ: తల్లికి ఉంటే బిడ్డకు తప్పదు.
వాస్తవం: గర్భానికి ముందు నుంచీ ఉంటే బిడ్డకు ముప్పు చాలా తక్కువ, తల్లి రక్తంలోని రక్షణ బిడ్డకూ అందుతుంది. ప్రమాదమల్లా చివరి మూడు నెలల్లో కొత్తగా అంటుకుంటేనే. నొప్పులు వచ్చేసరికి పుండ్లు ఉంటే సిజేరియన్ చేస్తారు, అందుకే కాన్పు చేసే డాక్టరు దగ్గర దాచకండి. రొమ్ము మీద పుండు లేకపోతే పాలు నిక్షేపంగా ఇవ్వొచ్చు.

నాకు ఎక్కువ భయం బారసాలకు వచ్చే చుట్టాల ముద్దులతోనే. పసికందులో ఈ వైరస్ మెదడుదాకా పాకగలదు. పెదవి మీద పొక్కుతో వచ్చిన పెద్దమ్మను "మానాక ముద్దు పెట్టుకుందువు గానీ పెద్దమ్మా" అని ఆపడానికి మొహమాటంగానే ఉంటుంది. అయినా ఆపండి.