పొగ రాని ఫోనుకు పొగ ఎక్కడిది?

ముత్తుకూరు

పిల్లలూ,

"కంప్యూటర్లు పొగ పెంచుతాయని ఒకరు, తగ్గిస్తాయని ఒకరు అంటున్నారు. ఏది నిజం తాతయ్యా?" అని అడిగారు. పొగంటే ఇక్కడ కరెంటు తయారీలో వచ్చే కార్బన్ డయాక్సైడ్ అనుకోండి. రెండూ నిజమే. మన రొయ్యల గుంట దగ్గరే చూద్దాం.

నీళ్లకు ఆకుపచ్చ రంగునిచ్చే సన్నటి నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదీ రొయ్యలతోపాటు పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. 4 పీపీఎం (లీటరు నీటికి 4 మిల్లీగ్రాములు) కంటే దిగితే రొయ్యలకు కష్టం. ఆ భయంతో రైతు రాత్రంతా ఏరేటర్లన్నీ, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే మోటార్లన్నీ, ఆడిస్తాడు. 2 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు తాగుతుంది.

పాలు కాచే అవ్వను చూశారుగా! పొంగు రాబోతే మంట తగ్గిస్తుంది, చల్లబడితే పెంచుతుంది. గుంటలో వేలాడే ఆక్సిజన్ సెన్సర్ ఆ అవ్వలాంటిదే. 4.5కి దిగితే మోటారు వేస్తుంది, 6 దాటితే ఆపుతుంది. ఈ రెండంకెలూ మరీ దగ్గరగా పెడితే మోటారు మాటిమాటికీ ఆగి ఆడి స్టార్టర్ పాయింట్లు మాడిపోతాయి. అవ్వ కళ్లద్దాలకు ఆవిరి పట్టినట్టు సెన్సర్ మొనకు పాచి పడుతుంది. వారానికి రెండుసార్లన్నా మెత్తటి గుడ్డతో తుడవకపోతే తప్పు లెక్క చూపిస్తుంది. మోటార్లన్నీ దానికే అప్పగించకూడదు. మురుగు మధ్యకు చేరాలంటే ఒకటి రెండు తిరుగుతూనే ఉండాలి.

రాత్రికి రెండు మోటార్లు నాలుగేసి గంటలు ఆగాయనుకోండి, 12 యూనిట్లు మిగులుతాయి. రాత్రి కరెంటు ఎక్కువగా బొగ్గుదే. మన నేలటూరు కరెంటు కేంద్రంలో కాల్చేదీ బొగ్గే. బొగ్గు కరెంటు యూనిట్‌కు కిలోకు అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఒక్క గుంటకు, ఒక్క రాత్రికి, దాదాపు 12 కిలోలు తగ్గినట్టే!

అయితే అవ్వకూ కాఫీ కావాలి, అంటే లెక్కలు కట్టే కంప్యూటర్లకూ కరెంటు కావాలి. అలాంటి కంప్యూటర్లు వేలకొద్దీ ఉండే డేటా సెంటర్లు 2024లో ప్రపంచ కరెంటులో సుమారు 1.5 శాతం వాడుకున్నాయి. మన గుంట లెక్కకు అందులో చెంచాడు చాలు. గంటలకొద్దీ వీడియోలకు, ఊరికే అడిగే ఏఐ బొమ్మలకు గిన్నెలు గిన్నెలు కావాలి. పైగా ఆ పొగ వచ్చేది మన జిల్లాలో కాదు, ఆ సెంటరుకు కరెంటు తయారయ్యే చోట. మన దగ్గర తగ్గిందని సంబరపడేముందు అక్కడ పెరిగిందీ కలిపి చూడాలి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటుంది. మిగిలిన కరెంటు డబ్బుతో రైతు ఇంకో గుంట తవ్వితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఈ శనివారం రాత్రి 9కి మీటరు రీడింగు రాసుకోండి, ఆదివారం పొద్దున 6కి మళ్లీ రాయండి. మధ్యలో నాలుగున్నరకు నాన్నతో గట్టు మీదికి వెళ్లండి. టార్చి తీసుకెళ్లండి, గట్టు జారుతుంది. స్టార్టరు పెట్టెను మాత్రం తాకకండి. సెన్సర్ అంకె చూస్తూ ఉండండి. పొద్దెక్కేకొద్దీ, మోటార్లు ఆపేసినా, ఆ అంకె తనంతట తానే పైకెక్కుతుంది. నాచు పనిలోకి దిగిందన్నమాట.

మీ
తాతయ్య