వగరు మేత, నట్టల మందు: గంజాం గొల్లల పాత తగువు

వానలు వెనకపడ్డాయో లేదో, ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా మందల్లో మళ్ళీ అదే మాట. నట్టలకు, అంటే కడుపులో పురుగులకు, మందు పోసి పది రోజులైనా కాకముందే గొర్రె దవడ కింద నీరు దిగుతోంది. మోతాదు సరిగ్గా పోయలేదని పశువైద్య సిబ్బంది అంటారు. చెట్టు రొట్ట కొట్టుకోనిస్తే ఇంత మందు అక్కరే లేదని కాపర్లంటారు.

నట్టలంటే ఏమిటో ఈ పక్క గొల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. కథ మలుపు తిరిగింది 1961లో, థయాబెండజోల్ అనే నట్టల మందు బజారుకొచ్చినప్పుడు. అంతకుముందు మందులతో పోలిస్తే అది వరమే. కానీ మూడేళ్ళు తిరక్కుండా, 1964లోనే, దానికి చావని హీమాంకస్ పురుగు అమెరికాలో బయటపడింది. గొర్రె నాలుగో కడుపులో చేరి నెత్తురు పీల్చే పురుగిది. మనవాళ్ళు ఇప్పుడు పోస్తున్న ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఆ థయాబెండజోల్ ఇంటివే. ఒకదానికి మొండికేసిన పురుగు మిగతావాటికీ దాదాపు మొండికేస్తుంది. సీసా మీద పేరు మారినంతలో లోపలి గుణం మారదు.

మందును మించిన చేటు చేసింది పోసే అలవాటు. మందనంతా ఒకే రోజు నిలబెట్టి తాగించి, ఆ వెంటనే కొత్త బీడుకు తోలతారు. మందుకు చావని పురుగులే కడుపులో మిగులుతాయి, కొత్త నేల మీద పడే గుడ్లన్నీ వాటివే. బరువు కంటిచూపుతో అంచనా కట్టి మందు తక్కువ పోస్తే మొండి పురుగు ఇంకా త్వరగా పెరుగుతుంది. ఆ మాటలో సిబ్బంది చెప్పింది నిజమే. అయితే అందరికీ ఒకే రోజు పోయమన్నదీ, గొర్రెను తూచే త్రాసు ఇవ్వనిదీ కాపరి కాదు కదా.

ఇక రొట్ట సంగతి. హీమాంకస్ ఆడపురుగు రోజుకు 5,000కు పైగా గుడ్లు పెడుతుంది. తడి, వెచ్చదనం ఉంటే వారంలోనే పిల్లపురుగులు పేడలోంచి గడ్డిమీదికి పాకుతాయి, ఎక్కువగా గడ్డి మొదళ్ళలోనే, బెత్తెడు ఎత్తులోపే ఉంటాయి. మేక తల పైకెత్తి మేస్తుంది, గొర్రె నేల గీకుతుంది. కాబట్టి కొమ్మ మీది ఆకు ఏదైనా ముందు పురుగు లేని మేత. ఆ పైన వగరు ఉంది. తుమ్మ, జువ్వి, జామ ఆకు నమిలితే నాలుక బిగిసేది టానిన్ అనే వగరు పదార్థం వల్లే. తోళ్ళు ఊనడానికి తంగేడు చెక్క వాడేదీ దానికోసమే. మేతలో అది తగుపాళ్ళలో ఉంటే ఆడపురుగు గుడ్లు తగ్గుతాయి. మాంసకృత్తులు మొదటి కడుపులోనే కరిగిపోకుండా పేగుదాకా చేరి గొర్రెకు తట్టుకునే బలమిస్తాయి. ఎండు మేతలో 2 నుంచి 4 శాతం మేలు. మరీ మించితే గొర్రె మేత తగ్గిస్తుంది, తిన్నదీ సరిగ్గా అరగదు.

న్యూజిలాండ్‌లో 1990లలో టానిన్ ఉన్న సుల్లా అనే మేతమొక్కను, చికోరిని మేపి చూశారు. మన కాఫీపొడిలో వేరు కలిపే చికోరే అది, అక్కడ ఆకు మేపుతారు. చికోరిలో పనిచేసేది మాత్రం టానిన్ కాదు, ఆ ఆకు చేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో లెస్పెడెజా అనే టానిన్ ఉన్న మేతమొక్కను సాగు చేశారు. బరేలీలోని భారత పశువైద్య పరిశోధనా సంస్థలో జువ్వి, జామ ఆకుల పొడి కలిపి, హీమాంకస్ పట్టిన గొర్రెలకు పెట్టి చూశారు. ఏదీ మందంత చురుగ్గా పనిచేయదు. దవడ దిగిన గొర్రెను రొట్ట లేపలేదు, దానికి మందే పోయాలి. దక్షిణాఫ్రికా వాళ్ళు కింది కనురెప్ప తిప్పి, అయిదు రంగుల కార్డుతో పోల్చి, పాలిపోయినవాటికే మందు పోసే పద్ధతి తెచ్చారు. ఆ కార్డు చేతికిస్తే మన కాపరికి ఒక్క పూట పని.

రొట్ట ఎక్కడ కొట్టాలన్నదే అసలు పీటముడి. చేనిగట్ల మీది తుమ్మలు తరిగాయి, మిగతా చెట్లు రిజర్వు అడవిలో ఉన్నాయి. 1972 నాటి ఒరిస్సా అటవీ చట్టం ప్రకారం అక్కడ కొమ్మ నరికితే నేరం. నరుకుడుతో అడవి పలచబడుతుందని అధికారులంటారు. అంతకుముందు ఇక్కడ నడిచింది 1882 నాటి మద్రాసు అటవీ చట్టం. పుల్లరి, అంటే మేత పన్ను, కట్టి మేపుకునే రోజులవి, పల్నాడులో కన్నెగంటి హనుమంతును బలిగొన్న పుల్లరే.

2006 అటవీ హక్కుల చట్టం సంచార కాపర్ల మేత హక్కునూ గుర్తించింది. అయితే ఆదివాసులు కానివాళ్ళు 2005 డిసెంబర్ 13 నాటికి 75 ఏళ్ళుగా, అంటే 1930 నుంచి, అక్కడి అడవి మీద బతుకుతున్నట్టు చూపాలి. 1930లో బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, ఒరిస్సా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. భువనేశ్వర్ రాజధాని కాకముందునాటి కాగితం గొల్లవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? హక్కు అడిగే కుటుంబం కాని ఊరిపెద్దల వాంగ్మూలం రాసిస్తే సాక్ష్యంగా తీసుకోవచ్చని 2008 నియమాల్లోనే ఉంది. గ్రామసభ ముందు పెట్టాల్సింది అదే.