హాంకాంగ్ ఎన్నికలు: అపోహలు - వాస్తవాలు

ఎన్నికల విధానాలు బోధించే నాకు హాంకాంగ్ పాఠం వచ్చినప్పుడల్లా ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: బీజింగ్ ఎవరి పేరు చెబితే వాళ్లే నాయకులు, ఓటింగే ఉండదు.

వాస్తవం: ఓటింగ్ ఉంది. హాంకాంగ్ ప్రభుత్వాధినేత అయిన చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ను 1,500 స్థానాల ఎన్నికల కమిటీ (వివిధ వర్గాల ప్రతినిధుల బృందం) రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటుంది, ఆ తర్వాత చైనా కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది. అసలు వడపోత మాత్రం పోలింగ్‌కు ముందే అయిపోతుంది. నామినేషన్‌కు కమిటీలో కనీసం 188 మంది మద్దతు కావాలి. కమిటీలోని ఐదు విభాగాల్లో ఒక్కోదాని నుంచి కనీసం 15 మంది అందులో ఉండాలి. ఆపైన అర్హతల సమీక్ష కమిటీ కూడా సరేననాలి. 2022 మేలో ఇవన్నీ దాటి బరిలో నిలిచింది జాన్ లీ ఒక్కరే. ఒకే అభ్యర్థి ఉన్నా ఓటింగ్ జరపాల్సిందే కాబట్టి జరిపారు. 1,416 మంది మద్దతిచ్చారు, 8 మంది కాదన్నారు. అందుకే ఫలితాల కంటే ముందు నామినేషన్లు చూడమని విద్యార్థులకు చెబుతాను.

అపోహ: శాసనసభనైతే పూర్తిగా ప్రజలే ఎన్నుకుంటారు.

వాస్తవం: 90 సీట్లలో మామూలు ఓటర్లు నేరుగా నింపేవి 20 మాత్రమే. పది నియోజకవర్గాలు, ఒక్కోచోట ఇద్దరు విజేతలు, ఓటరుకు ఒకే ఓటు. 40 సీట్లు ఎన్నికల కమిటీవి, 30 వృత్తి, వ్యాపార వర్గాలవి. 2021లో ఎన్నికల నిబంధనలు మార్చకముందు 70 సీట్లలో 35 ఇలా ప్రజలు నేరుగా ఎన్నుకునే ప్రాంతీయ నియోజకవర్గాలవే. ఇంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటుంది. ఆ 20 సీట్లకు నిలబడేవాళ్లు కూడా కమిటీలోని ప్రతి విభాగం నుంచి కనీసం ఇద్దరి మద్దతు తెచ్చుకోవాలి. ప్రాంతీయ సీట్ల పోలింగ్ 2016లో 58 శాతం, 2021లో దాదాపు 30 శాతం.

అపోహ: అందరికీ ఓటు అన్న మాట అక్కడి చట్టంలోనే లేదు.

వాస్తవం: ఉంది. సార్వత్రిక ఓటు హక్కే అంతిమ లక్ష్యమని హాంకాంగ్‌కు రాజ్యాంగం లాంటి బేసిక్ లా 45, 68 అధికరణలు చెబుతాయి. చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ను ప్రజలే ఎన్నుకునేలా 2015లో ఒక ప్రతిపాదన వచ్చింది. కానీ అభ్యర్థులను ముందే ఒక కమిటీ ఇద్దరు ముగ్గురికి కుదించాలన్న షరతు పెట్టారు. ప్రజాస్వామ్యవాదులు దాన్ని ఒప్పుకోలేదు. సభలో అనుకూలంగా 8, వ్యతిరేకంగా 28 ఓట్లు పడి అది వీగిపోయింది.

అపోహ: సభ్యుల బిల్లుకు సాధారణ మెజారిటీ చాలు.

వాస్తవం: ప్రభుత్వ బిల్లుకైతే చాలు. సభ్యులు తెచ్చిన బిల్లుకు ఎన్నికల కమిటీ ఎన్నుకున్న శాసనసభ్యుల్లో, మిగతా శాసనసభ్యుల్లో విడివిడిగా మెజారిటీ రావాలి.