చెప్పులూ సంచులూ రూపొందించే చదువు గురించి పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

ఫ్యాషన్ యాక్సెసరీస్ డిజైన్ చదవాలని ఉందనీ, అందులో ఏం నేర్పుతారో, అది తమకు సరిపడుతుందో లేదో తెలియడం లేదనీ మీలో కొందరు అడుగుతున్నారు. ఎన్నో ఏళ్లు చెప్పులకూ సంచులకూ నమూనాలు కత్తిరించడంలోనూ, ఆ పని పిల్లలకు నేర్పడంలోనూ గడిపినదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ఆ పేరు కింద బెల్టులు, టోపీలు, చేతి తొడుగులు, నగలు, కళ్లజోళ్లు కూడా వస్తాయి. అయితే నేను పాదరక్షలు, హ్యాండ్‌బ్యాగులు, తోలుపని గురించే చెబుతాను. చదువులోని కష్టమూ, నా దృష్టిలో ఆనందమూ అక్కడే ఎక్కువ.

బొమ్మ చక్కగా వేయడం వస్తే ఈ చదువుకు చాలునని చాలామంది అనుకుంటారు. బొమ్మ అవసరమే, కాదనను. కానీ ఇక్కడ అసలు పాఠం బరువుది. చొక్కా ఒంటి మీద వేలాడుతుంది, అంతే. చెప్పు ఒంటి బరువంతా మోస్తుంది. సంచి, అందులో ఏమేం వేస్తారో మనకు ముందుగా తెలియని బరువును మోస్తుంది. కాబట్టి మీరు గీసే ప్రతి గీత దగ్గరా, ఇక్కడ ఎంత బరువు పడుతుంది, అది ఏ వైపు లాగుతుంది, దాన్ని ఏది ఆపుతుంది అనే ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్న వేసుకోవడంలో విసుగు లేనివాళ్లకు ఈ చదువు నప్పుతుంది. రంగులూ మెరుపులూ మాత్రమే ఇష్టమైనవాళ్లు మొదటి ఏడాదిలోనే నీరసపడిపోవడం చూశాను.

పాదంతో మొదలుపెడదాం. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. అడుగు వేసినప్పుడు బరువు ముందు మడమ మీద పడి, పాదం వెలుపలి అంచు వెంబడి సాగి, వేళ్ల మొదళ్ల దగ్గరికి చేరి, చివరికి బొటనవేలితో నేలను నెట్టి వదులుతుంది. నిలుచున్నప్పుడు పాదం కూర్చున్నప్పటికంటే కొంచెం పొడవుగా, వెడల్పుగా పరుచుకుంటుంది. మడమ ఎత్తు పెంచిన కొద్దీ బరువు వేళ్ల వైపు జరుగుతుంది. ఇటలీలో పుట్టి అమెరికా వెళ్లిన సాల్వతోరే ఫెర్రగామో, అప్పటికే సినిమా తారలకు చెప్పులు చేస్తూ పేరు తెచ్చుకున్నా, అవి నొప్పి పెడుతున్నాయన్న ఫిర్యాదులకు కారణం తెలుసుకోవడానికి లాస్ ఏంజెలెస్‌లో శరీర నిర్మాణ శాస్త్రం చదివాడు. పాదం మధ్యలోని వంపుకు ఆధారం లేకపోవడమే లోపమని తేల్చుకుని, సోల్ లోపల షాంక్ అనే సన్నటి ఉక్కు పట్టీతో ఆ భాగాన్ని నిలబెట్టాడు. 1930లలో ఇటలీ మీద ఆంక్షల వల్ల మంచి ఉక్కు దొరకనప్పుడు మడమకూ ముందు భాగానికీ మధ్య ఖాళీనంతా కార్క్ అనే చెట్టు బెరడుతో నింపేశాడు. 1937లో పేటెంటు పొందిన వెడ్జ్ హీల్ అలా వచ్చింది. ఈనాడు దాన్ని కేవలం ఒక ఫ్యాషన్‌గా చూస్తాం కానీ, అది ఉక్కు చేయవలసిన పనిని బెరడుతో చేయించిన ఉపాయం. 1950లలో వచ్చిన సూదిమొన లాంటి స్టిలెటో కథ ఇందుకు తిరగబడినది. అంత సన్నటి మడమ విరగకుండా నిలిచిందంటే లోపల లోహపు కడ్డీ ఉండబట్టే.

పాదరక్షల తరగతిలో మీ చేతికి ముందుగా ఇచ్చేది లాస్ట్ అనే పాదం ఆకారపు అచ్చు. పూర్వం చెక్కతో చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌తో చేస్తారు. అది పాదానికి అచ్చమైన నకలు కాదు. వేళ్ల ముందు కొంత ఖాళీ ఉంటుంది, మొన నేల నుంచి కాస్త పైకి లేచి ఉంటుంది, మడమ దగ్గర బిగువుగా ఉంటుంది. ప్రతి అచ్చూ ఒక నిర్దిష్టమైన మడమ ఎత్తు కోసం చేసినదే. అందుకే తక్కువ ఎత్తు కోసం చేసిన చెప్పుకు పొడవాటి మడమ తగిలిస్తే చాలదు, అచ్చే మార్చాలి. ఇది తెలియక అందమైన బొమ్మలు వేసి తెచ్చిన విద్యార్థులకు మొదటి నిరాశ ఇక్కడే ఎదురవుతుంది. మరో వింత కూడా చెబుతాను. కుడి ఎడమల తేడా లేకుండా ఒకే ఆకారంలో జోళ్లు చేయడం పాశ్చాత్య దేశాల్లో 19వ శతాబ్దం తొలినాళ్ల దాకా సాధారణంగా సాగింది, తొడుక్కున్నవాళ్లే అరగదీసి వాటిని తమ పాదాలకు అలవాటు చేసుకునేవారు.

ఇక అచ్చు మీద నుంచి నమూనా తీయడం. నాకు ఎప్పటికీ తీపిగా ఉండే పని ఇదే. కాగితపు జిగురు పట్టీని అచ్చు మీద సగం సగం ఒకదాని మీద ఒకటి పడేలా ముడతల్లేకుండా అంటిస్తారు. ముందు మధ్య గీత, వెనుక మధ్య గీత గీసుకుని, చీలమండ కింద అంచు ఎక్కడ ఆగాలో, ముందు ముక్క ఎక్కడ మొదలవ్వాలో పెన్సిలుతో దాని మీదే గీస్తారు. తరువాత మధ్య గీత వెంబడి కోసి, ఆ పొరను మెల్లగా ఊడదీసి అట్ట మీద పరచబోతారు. అది పరుచుకోదు. గుండ్రటిది బల్లపరుపుగా ఎందుకు ఒదుగుతుంది? అంచుల్లో చిన్న చిన్న గాట్లు పెట్టి, ఎక్కడ కాస్త విడిపోవాలో ఎక్కడ ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలో నిర్ణయించుకుంటూ దాన్ని ఒప్పించాలి. లోపలి వైపు పొర, వెలుపలి వైపు పొర ఒకేలా రావు, కాబట్టి ఆ రెండింటినీ పక్కపక్కన గీసి వాటి మధ్యస్థమైన గీత పట్టుకుంటారు. దానికి కుట్టు కోసం, మడత కోసం, అచ్చు అడుగుకు లాగి అంటించడం కోసం అంచులు కలుపుతారు. అడుగున లాగే అంచు సుమారు 15 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 10కి తగ్గితే పటకారుకు పట్టు దొరకదు, 20 దాటితే అడుగున ముడతలు గుట్టగా పేరుకుంటాయి. ఇప్పుడు కంప్యూటరు ఈ పొరను క్షణాల్లో పరిచి చూపిస్తుంది. అయినా చేత్తో పరచి చూడనివాళ్లకు, కంప్యూటరు ఇచ్చిన నమూనాలో తప్పు ఎక్కడ ఉందో కనిపించదు.

అచ్చు మీద అప్పర్‌ను, అంటే చెప్పు పైభాగాన్ని, లాగి బిగించే పని ఎంత కష్టమో చెప్పడానికి ఒక్క మాట చాలు. కుట్టుయంత్రాలు వచ్చి పెద్ద కర్మాగారాలు వెలసిన తరువాత కూడా ఆ ఒక్క పని చేతిపనిగానే ఉండిపోయింది, నేర్పరి రోజంతా చేస్తే 50 జతలు అయ్యేవి. సురినామ్‌లో పుట్టి అమెరికాలోని లిన్ పట్టణంలో స్థిరపడిన యాన్ మాట్జెలిగర్ అనే యువకుడు 1883లో పేటెంటు పొందిన యంత్రంతో ఆ లెక్క వందల్లోకి వెళ్లింది.

కొలతలు విసుగు పుట్టించేవే, త్వరగా ముగిస్తాను. ఐరోపా పద్ధతిలో ఒక సైజుకూ మరోదానికీ మధ్య పొడవులో తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే 6.67 మిల్లీమీటర్లు. ఆంగ్ల పద్ధతిలో అంగుళంలో మూడో వంతు, అంటే 8.47 మిల్లీమీటర్లు. ఒక సైజులో కుదిరిన నమూనాను మిగతా సైజులకు పెంచడం, తగ్గించడం వేరే పాఠంగా నేర్పుతారు.

తోలు సంగతికి వస్తాను. గుడ్డలో ఒక చోటు మరో చోటులాగే ఉంటుంది, తోలులో అలా ఉండదు. వెన్ను వైపు పోగులు దట్టంగా ఉంటాయి, పొట్ట వైపు వదులుగా సాగుతాయి. అందుకని చెప్పు ముందు ముక్కను మంచి చోటు నుంచి, సాగని దిశ మొన వైపు వచ్చేలా తీస్తారు. నాలుక, అస్తరు లాంటి కనబడని ముక్కలను మిగిలినచోట సర్దుతారు. జతలో రెండు చెప్పులూ ఒకే రంగులో, ఒకే గరుకుదనంతో ఉండాలి. ఈగ కాటు మచ్చలనూ, ముళ్ల గీతలనూ తప్పిస్తూ వృథా తక్కువయ్యేలా ముక్కలను పేర్చడం ఒక నేర్పు. ఇంకో తేడా ఉంది. గుడ్డలో సూది తప్పుగా దిగితే విప్పి మళ్లీ కుట్టవచ్చు, తోలులో పడిన రంధ్రం పూడదు. అందుకే గుండుసూదులు వాడరు, క్లిప్పులతో పట్టి నిలబెడతారు, అసలు తోలు కోసే ముందు అట్టతోనో చౌక సరుకుతోనో ఒకటి రెండు నమూనాలు కట్టి చూస్తారు.

పచ్చి చర్మాన్ని తోలుగా మార్చే, అంటే పదును చేసే, పద్ధతిని బట్టి తోలు గుణం మారుతుంది. పచ్చి చర్మాన్ని సుమారు 65 డిగ్రీల వేడి నీటిలో వేస్తే ముడుచుకుపోతుంది. తుమ్మ చెక్క, కరక్కాయ లాంటి వాటి వగరుతో వారాల తరబడి నానబెట్టి పదును చేసినది గట్టిగా ఉంటుంది, తడిపి ఒత్తితే ఆ ఆకారం పట్టుకుంటుంది, బెల్టులకూ సోళ్లకూ బిగువైన సంచులకూ బాగుంటుంది. క్రోమియం లవణాలతో చేసినది చాలా తక్కువ కాలంలో తయారవుతుంది, మెత్తగా ఉంటుంది, మరిగే నీటి వేడిని కూడా తట్టుకుంటుంది. ప్రపంచంలో తయారయ్యే తోలులో అత్యధిక భాగం ఇదే. ఇందులో వాడే క్రోమియం 3 వేరు, సరిగా చేయనప్పుడు ఏర్పడే క్రోమియం 6 వేరు. రెండోది చర్మానికి హాని చేస్తుంది. ఐరోపా సమాఖ్యలో 2015 నుంచి, ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో అది కిలోకు 3 మిల్లీగ్రాముల దాకా చేరితే అమ్మనివ్వరు. జంతువుల మీద దయతో కృత్రిమ తోలు వైపు మొగ్గేవాళ్లు మీలో ఉంటారు. ఆ ఆలోచనను గౌరవిస్తాను, కానీ అందులో చాలాభాగం గుడ్డ మీద పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ పూత మాత్రమే. తేమకు ఆ పదార్థం విరిగిపోతుంది కాబట్టి, బీరువాలో దాచిన జోడు సోళ్లు కూడా కొన్నేళ్లకు పొడిపొడిగా రాలిపోవడం చూస్తాం. ఎంచుకునే ముందు ఈ రెండు వైపులా తెలుసుకోండి.

హ్యాండ్‌బ్యాగులో ముఖ్యంగా చూడవలసినది పిడి సంచికి అతికే చోటు. అయిదు కిలోల సంచిని చటుక్కున లేపినా, నడకలో ఊపినా, ఆ క్షణంలో పిడి మీద పడే లాగుడు అయిదు కిలోలకు మించుతుంది, అదంతా రెండు మూడు అంగుళాల కుట్టు మీద నిలుస్తుంది. గట్టిగా ఉండాలని దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే తపాలా బిళ్లల మధ్య చిల్లుల వరుసలా అక్కడే చిరుగుతుంది. కాబట్టి కుట్టు ఎడంగా ఉంచి, తోలుకూ అస్తరుకూ మధ్య సాగని పట్టీ పెట్టి, లాగుడును సంచి ఒంటి మీదికి పంచుతారు. చేత్తో వేసే సాడిల్ స్టిచ్‌లో ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఉంటాయి. ఆరె అనే మొనదేలిన పనిముట్టుతో చేసిన ప్రతి రంధ్రంలోనూ రెండూ ఎదురెదురుగా దూరుతాయి. ఒక చోట దారం తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. యంత్రపు కుట్టులో పై దారం, కింది దారం మెలిక పడి ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే వదులు కావడం మొదలవుతుంది. అలాగని అన్నీ చేత్తో కుట్టడం కుదరదు, ఏ చోట ఏది అవసరమో ఎంచుకోవడమే డిజైనరు పని. పిడి స్థానం మార్చడం కూడా ఎంత పెద్ద మార్పో చూడండి. 1955 ఫిబ్రవరిలో ఫ్రెంచి డిజైనరు కోకో షనెల్ తెచ్చిన గొలుసు పట్టీ సంచి, తన పేరులోనే ఆ నెలనూ సంవత్సరాన్నీ పెట్టుకున్న 2.55, బరువును భుజానికి ఎక్కించి ఆడవాళ్ల చేతులను ఖాళీ చేసింది.

జిప్పులు, కొక్కేలు, రింగుల గురించి రాయడానికి చాలా ఉంది గానీ, చిన్న మాటతో వదిలేస్తాను. సంచి తొందరగా పాడయ్యేది తరచుగా తోలు వల్ల కాదు, చౌకబారు జిప్పు వల్ల.

ఎక్కడ చదవాలని అడిగారు. లండన్‌లో 1887లో తోలు పనివారి పాఠశాలగా మొదలై ఇప్పుడు లండన్ కాలేజ్ ఆఫ్ ఫ్యాషన్‌లో భాగమైన కార్డ్‌వెయినర్స్, మిలాన్‌లో 1947 నుంచి నమూనా తయారీ నేర్పుతున్న ఆర్స్ సుటోరియా ఈ రంగంలో అందరికీ తెలిసిన పేర్లు. అయితే పేరు కంటే పనిశాలను చూడమని చెబుతాను. అక్కడ అరల్లో ఎన్ని రకాల అచ్చులున్నాయో, తోలు అంచును పలుచన చేసే స్కైవింగ్ యంత్రం దగ్గర విద్యార్థులే కూర్చుంటున్నారో లేక ఒక పనివాడు చేసి ఇస్తున్నాడో, సాయంత్రం తరగతులయ్యాక పనిశాల తెరిచి ఉంటుందో లేదో అడగండి. చదువు పూర్తయ్యాక అందరూ డిజైనర్లే కారు. నమూనాలు తీసేవాళ్లు, అచ్చులు చెక్కేవాళ్లు, కర్మాగారంతో మాట్లాడి సరుకు తయారు చేయించేవాళ్లు, నాణ్యత పరీక్షించేవాళ్లు, పాతవాటిని బాగుచేసేవాళ్లు ఉంటారు. నమూనాలు తీసే మంచి చేయి దొరకడం కష్టమని పరిశ్రమలో ఎవరిని అడిగినా చెబుతారు.

చేరబోయే ముందు పాత జోడు ఒకటి తీసుకుని, పెద్దవాళ్ల ఎదుట, రంపె అనే పదునైన తోలు కత్తితో జాగ్రత్తగా విప్పండి. ముందు సోల్, తరువాత ఇన్‌సోల్, మధ్యలో షాంక్, మొన దగ్గరా మడమ దగ్గరా దాగిన గట్టి ముక్కలు, ఆపైన అప్పర్ ముక్కలు. ఒక్కొక్క ముక్క చుట్టూ కాగితం మీద గీత గీసి, ఏది ఏ బరువును ఆపుతోందో దాని పక్కనే రాయండి. కొన్ని విద్యాసంస్థలు ప్రవేశ పరీక్షలో తీగా, అట్టా, గుడ్డా చేతికిచ్చి ఏదైనా వస్తువు చేసి చూపమంటాయి. ఆ అభ్యాసం అప్పుడు పనికొస్తుంది. ఆ కాగితాలు మీ పనుల ఫైలులో రంగుల బొమ్మల కంటే ముందు పెట్టండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ