సీన్ రిమోట్‌లో ఉండదండీ: లైటింగ్ రిమోట్ల మీద అపోహలు, వాస్తవాలు

ఇళ్ళకి ఆటోమేషన్ పెట్టే పనిలో ఉన్నాను. కొత్త ఫ్లాట్ తీసుకున్నవాళ్ళు, ఇంటీరియర్ చేయించుకుంటున్నవాళ్ళు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, షోరూమ్‌లో డెమో చూసొచ్చి ఇంట్లో కూడా అచ్చం అలాగే అయిపోతుంది అనుకుంటారు. తెలియనివాళ్ళ కోసం, సీన్ అంటే ఒక్క బటన్ నొక్కగానే హాల్లో డౌన్ లైట్లు 10 శాతానికి దిగి, ఫాల్స్ సీలింగ్‌లో స్ట్రిప్ వెలిగి, డైనింగ్ లైటు ఆరిపోవడం, అంతే.

అపోహ: సీన్లన్నీ రిమోట్‌లో సేవ్ అవుతాయి, రిమోట్ పోతే అన్నీ పోయినట్టే.

కాదు. జిగ్బీ (స్మార్ట్ లైట్లు, రిమోట్లు రేడియోతో మాట్లాడుకునే ఒక పద్ధతి) రిమోట్ తీసుకుంటే అది గాల్లోకి పంపేది చాలా చిన్న మెసేజ్, "ఫలానా గ్రూపు, మూడో సీన్" అని, అంతకుమించి దానికేం తెలియదు. మూడో సీన్ అంటే తను ఎంత వెలగాలి, ఏ రంగులో వెలగాలి అనేది ఏ బల్బుకి ఆ బల్బే గుర్తుపెట్టుకుంటుంది, లేదంటే హబ్, అంటే వాటన్నిటినీ కలిపి నడిపే చిన్న పెట్టె, గుర్తుపెట్టుకుంటుంది. రిమోట్ సోఫా సందులో పోయినా, కుక్క కొరికేసినా ఇంకోటి కొని పేర్ చేసుకుంటే, అంటే లైట్లతో జత కలుపుకుంటే సరిపోతుంది. మీరు అడగాల్సింది రిమోట్‌కి ఎన్ని బటన్లు అని కాదు, సీన్ ఎక్కడ ఉంటుంది అని, బల్బులోనా, హబ్‌లోనా, కంపెనీ సర్వర్‌లోనా. మిగతా గొడవలు చాలావరకు దీని దగ్గరే మొదలవుతాయి.

అపోహ: నెట్ పోతే రిమోట్ పనిచేయదు.

సీన్ సర్వర్‌లో ఉంటే నిజంగానే పనిచేయదు. చవక వైఫై బల్బుల్లో చాలావాటికి యాప్‌లో చేసిన సీన్ సర్వర్ దాకా వెళ్ళి తిరిగి రావాలి, వీధిలో ఎవడో ఫైబర్ తెంపితే మీ హాల్లో లైటు మారదు. సీన్ బల్బులోనో, ఇంట్లో ఉన్న హబ్‌లోనో ఉంటే నెట్‌తో పనే లేదు. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేయడానికి 2022 అక్టోబర్‌లో వచ్చిన మ్యాటర్ అనే స్టాండర్డ్ కూడా ఇంటి నెట్‌వర్క్ లోపలే నడిచేలా చేసిందే. డబ్బులిచ్చే ముందు ఒక పని చేయండి, రౌటర్‌ని ఆపొద్దు, దానికి వచ్చే నెట్ కేబుల్ ఒక్కటీ పీకేసి, కాసేపాగి బటన్ నొక్కండి. పెట్టినవాడు తడుముకుంటే మీకే అర్థమైపోతుంది.

అపోహ: కరెంట్ పోయి వస్తే ఏముంది, మళ్ళీ మామూలే.

మన దగ్గర అసలు తంటా ఇక్కడే. బల్బులోపల సెట్టింగ్ మార్చకపోతే చాలా స్మార్ట్ బల్బులు కరెంట్ రాగానే ఫుల్లుగా వెలుగుతాయి, ఎందుకంటే గోడ స్విచ్ వేశారో, లైన్‌లో కరెంట్ వచ్చిందో దానికి తేడా తెలీదు. రాత్రి రెండింటికి కరెంట్ పోయి వచ్చిందనుకోండి, బెడ్‌రూమ్‌లో పట్టపగలే. యాప్‌లో పవర్ ఆన్ బిహేవియర్ అనో, అలాంటి పేరుతోనో ఒక ఆప్షన్ ఉంటుంది, దాన్ని "ముందు ఎలా ఉందో అలా" అని మార్చుకోండి, ఆ ఆప్షన్ లేని బల్బు బెడ్‌రూమ్‌కి కొననే వద్దు. ఇంకోటి, చాలా వైఫై బల్బుల్ని రీసెట్ చేయాలంటే మూడు నుంచి ఐదు సార్లు వెంటవెంటనే ఆపి వేయాలి కదా, గాలివానకి లైన్ అలా కొట్టుకున్నా బల్బు అదే అనుకుని పేరింగ్‌లోకి వెళ్ళిపోతుంది, పొద్దున చూస్తే మినుకు మినుకుమంటూ ఉంటుంది, రిమోట్ చెడిపోయిందని ఫోన్ చేస్తారు. హబ్‌నీ రౌటర్‌నీ ఇన్వర్టర్ లైన్ మీద పెట్టించండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద డిమ్మర్ గుయ్‌మంటే అది కూడా రిమోట్ తప్పు కాదు.

అపోహ: రిమోట్ ఉందిగా, ఇంక స్విచ్ బోర్డుతో పనేముంది.

మీకు లేకపోవచ్చు, ఇంట్లో పడుకునే ముందు ప్రతి స్విచ్ ఆపుకుంటూ వెళ్ళే అమ్మమ్మ ఉంటుంది. గోడ స్విచ్ ఆపితే స్మార్ట్ బల్బుకి ప్రాణం పోయినట్టే, ఇంక రిమోట్ ఎంత నొక్కినా పలకదు. పైగా జిగ్బీలో కరెంట్ మీద నడిచే బల్బులు పక్కవాటికి సిగ్నల్ అందిస్తుంటాయి, మధ్యలో ఒకటి ఆపేస్తే చివరి గదిలోది కూడా అందకుండా పోవచ్చు. పెద్దవాళ్ళున్న ఇంటికి బల్బులు కాకుండా స్విచ్ వెనక పెట్టే చిన్న స్మార్ట్ మాడ్యూల్సే మేలంటాను, గోడ స్విచ్ కూడా ఎప్పటిలాగే పనిచేస్తుంది. దానికి బోర్డులో న్యూట్రల్ వైరు (కరెంట్ తిరిగి వెళ్ళే తీగ) ఉందో లేదో ముందు చూపించుకోండి, ప్లగ్ సాకెట్ ఉన్న బోర్డులో ఉంటుంది, మెట్ల దగ్గర ఒంటరి స్విచ్‌లో తరచుగా ఉండదు. గోడలో ఇనప బాక్సు, పైన మెటల్ ప్లేటు ఉంటే సిగ్నల్ బాగా తగ్గుతుంది, అది కూడా లెక్కేసుకోండి.

అపోహ: రిమోట్‌ని లైటు వైపు చూపించాలి. ఇది ఫ్యాన్ రిమోట్ల వల్ల వచ్చిన అలవాటు, వాటిలో చాలావరకు ఇన్‌ఫ్రారెడ్‌వి, అంటే కంటికి కనపడని కాంతితో పనిచేసేవి. రేడియో రిమోట్‌ని దుప్పట్లోంచి నొక్కినా పనిచేస్తుంది.

అపోహ: పక్కింటివాళ్ళ రిమోట్‌తో మన లైట్లు వెలుగుతాయి. జిగ్బీలో మెసేజ్‌లకి 128 బిట్ల ఎన్‌క్రిప్షన్, అంటే రహస్య తాళం లాంటిది ఉంటుంది, భయం లేదు. చవక 433 మెగాహెర్ట్జ్ రిమోట్లలో మాత్రం మారని కోడ్ ఒకటే ఉంటుంది, దాన్ని రికార్డు చేసి మళ్ళీ పంపొచ్చు. లైట్లకైతే పర్లేదు గానీ గేటుకి మాత్రం వద్దు.

అపోహ: ఏ ఎల్ఈడీ అయినా డిమ్ అవుతుంది. డబ్బా మీద డిమ్మబుల్ అని రాసి ఉండాలి, లేకపోతే మినుకుతుంది, ఎల్ఈడీకి తగ్గట్టు కరెంట్ మార్చి ఇచ్చే డ్రైవర్ కూడా త్వరగా పోతుంది. కొలిస్తే 25 శాతం ఉన్న వెలుతురు కూడా కంటికి సగం ఉన్నట్టు అనిపిస్తుంది, అందుకే టీవీ సీన్‌కి 50 పెట్టి చీకటి కాలేదేంటి అంటారు, 10 దగ్గర మొదలుపెట్టండి.

కరెంట్ బిల్లు గురించి కూడా అడుగుతారు. ఆరిపోయి ఉన్నప్పుడు బల్బు అర వాట్ తింటుందనుకుంటే పది బల్బులకి ఏడాదికి 44 యూనిట్ల లోపే. రిమోట్‌లో ఉండే సీఆర్2032 బటన్ సెల్ మామూలుగా ఏడాది పైనే వస్తుంది, కానీ చిన్నపిల్లలున్న ఇంట్లో వెనక మూతకి స్క్రూ ఉన్న రిమోటే కొనండి. ఆ సెల్ మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు, అనుమానం వచ్చినా ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే.

అపోహ: సీన్లు తర్వాత యాప్‌లో తీరిగ్గా పెట్టుకోవచ్చు.

యాప్‌లో పెట్టుకోవచ్చు, వైరింగ్ దానికి తగ్గట్టు ఉంటే. డౌన్ లైట్లు, స్ట్రిప్, హ్యాంగింగ్ లైటు అన్నీ ఒకే స్విచ్ కింద కలిపేస్తే మాడ్యూల్‌కి అవన్నీ ఒకటే లైటు, ఇంక వేర్వేరుగా తగ్గించడం కుదరదు. ఫాల్స్ సీలింగ్ మూయకముందే ప్రతి దానికీ విడిగా వైరు లాగించండి, స్ట్రిప్ డ్రైవర్‌ని చెయ్యి పెట్టి తీయగలిగే చోట పెట్టించండి, అది పోయిన రోజు సీలింగ్ కోయకుండా ఉంటుంది.