కీళ్లవాతానికి పథ్యం: నూనె, చేప, విటమిన్ల వెనుక చరిత్ర

విశాఖపట్నంలో ఏ ఇంట్లోనైనా ఒకరికి కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) అని తేలితే, మందుల కంటే ముందు చర్చకు వచ్చేది పథ్యం. వంకాయ, గుమ్మడికాయ వాతం చేస్తాయని పెద్దలు మాన్పిస్తారు. చేప తినవచ్చా, ఏ నూనె వాడాలి, ఎండలో కూర్చుంటే మేలా అని రోగి వైద్యుణ్ణి అడుగుతాడు. ఈ ప్రశ్నలను చాదస్తమని కొట్టిపారేయడం న్యాయం కాదు. అరుగుదల వల్ల వచ్చే మోకాళ్ల నొప్పి వేరు, రోగనిరోధక వ్యవస్థ పొరబడి సొంత కీళ్ల లోపలి పొరపైనే దాడి చేసే ఈ జబ్బు వేరు. ఆ దాడిలో పుట్టే వాపుకు ముడిసరుకు కొంతవరకు మనం తినే కొవ్వుల నుంచే అందుతుంది.

ఆహారానికీ కీళ్ల వాపుకూ ముడిపెట్టడం పాత ఆలోచనే. వెయ్యేళ్లకు పైబడిన ఆయుర్వేద గ్రంథం మాధవ నిదానం ఆమవాతమనే కీళ్ల జబ్బును వర్ణిస్తూ, విరుద్ధాహారాన్నీ, జిడ్డు పదార్థాలు తిన్న వెంటనే వ్యాయామం చేయడాన్నీ దాని కారణాలలో చేర్చింది. అయితే కొవ్వులు శరీరంలో ఏం చేస్తాయో తెలియడం మొదలైంది 1929లో. అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు కొవ్వు బొత్తిగా లేని మేత పెట్టిన ఎలుకలు జబ్బు పడడం గమనించి, కొన్ని కొవ్వు ఆమ్లాలు ఆహారం ద్వారా అందక తప్పదని తేల్చారు. ఆ కొవ్వు ఆమ్లాల నుంచే నొప్పిని, వాపును రేపే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తయారవుతాయని 1960లలో రుజువైంది. ఆస్పిరిన్ వాటి తయారీని అడ్డుకుని నొప్పిని, వాపును తగ్గిస్తుందని 1971లో జాన్ వేన్ చూపాడు. 1982 నోబెల్ బహుమతిని ఆయన బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్సన్‌లతో పంచుకున్నాడు.

ఈ కొవ్వు ఆమ్లాల్లో ఒమేగా-6, ఒమేగా-3 అని రెండు వర్గాలున్నాయి. ఒమేగా-6 వర్గపు అరాకిడోనిక్ ఆమ్లం నుంచి వాపును రేపే పదార్థాలు పుడతాయి. సముద్రపు చేపల్లోని ఒమేగా-3 ఆమ్లాలు కణాల పొరల్లో చేరి, అవే ఎంజైములను పంచుకుంటూ, చాలా తక్కువ తీవ్రత గల పదార్థాలుగా మారతాయి. వాపును చల్లార్చే రిసాల్విన్లనే పదార్థాలు కూడా వీటి నుంచే పుడతాయని ఈ శతాబ్ది ఆరంభంలో బయటపడింది. గ్రీన్‌లాండ్ ఇన్యూట్‌ల ఆహారంపై 1970లలో డెన్మార్క్ వైద్యులు బ్యాంగ్, డయర్‌బర్గ్ చేసిన పరిశీలనలు చేప నూనెపై లోకం దృష్టిని మళ్లించగా, 1985లో జోయెల్ క్రెమర్ బృందం రుమటాయిడ్ రోగులపై దాన్ని పరీక్షించింది. తర్వాతి పరీక్షల సారం ఇది: రోజుకు సుమారు 3 గ్రాముల ఒమేగా-3 కనీసం మూడు నెలలు తీసుకుంటే పొద్దున్నే కీళ్లు పట్టేయడం, నొప్పి కొంత తగ్గవచ్చు, కానీ మందుల అవసరం తీరిపోదు.

మన ఫిషింగ్ హార్బర్‌లో దిగే కానాగంతలు, కవ్వలు ఈ కొవ్వు దండిగా ఉన్న చేపలే, పైగా ఖరీదైన వంజరం కంటే చవక. వాటిని నూనెలో మునిగేలా వేయించడం కంటే పులుసు పెట్టుకోవడం మంచిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో తాజా సముద్రపు చేప అరుదవుతుంది. శాకాహారులు నమ్ముకునే అవిసె గింజల్లోని ఒమేగా-3 శరీరంలో చేప కొవ్వుగా మారేది చాలా కొద్దిగానే. ఇక పొద్దుతిరుగుడు నూనెలోనూ, అరకు వైపు పండే వలిసెల నూనెలోనూ ఒమేగా-6 మోతాదు ఎక్కువ. అంత మాత్రాన అవి కీళ్లవాతాన్ని తెస్తాయని చెప్పడం తప్పు. ఈ నూనెల్లోని ఒమేగా-6 రకమైన లినోలిక్ ఆమ్లం పెంచి తిన్న ఆరోగ్యవంతుల రక్తంలో వాపు సూచికలు పెరిగినట్టు పరీక్షల్లో తేలలేదు.

విటమిన్ డి సంగతి కొంత క్లుప్తంగానే చెప్పవచ్చు. రోగనిరోధక కణాలకు ఈ విటమిన్‌ను అందుకునే గ్రాహకాలున్నాయని 1980లలో గుర్తించారు. అమెరికాలో 25,871 మందిపై ఐదేళ్లకు పైగా నడిచిన వైటల్ పరీక్షలో, రోజుకు 2,000 యూనిట్లు తీసుకున్నవారిలో కీళ్లవాతం లాంటి, శరీరం తనపైనే దాడి చేసుకునే అన్ని రకాల స్వయం నిరోధక జబ్బులు కలిపి 22 శాతం తగ్గాయని 2022లో ప్రకటించారు. అది జబ్బు రాకుండా చూసే పరీక్షే గాని, వచ్చిన జబ్బును మాన్పే పరీక్ష కాదు. ఎండ కాసే ఊళ్లో ఈ లోపం ఉండదనుకోవడమూ పొరపాటే. తిరుపతి వైద్యులు ఆరోగ్యవంతులైన పల్లె ప్రజల్లోనూ దాన్ని కనుగొన్నారు.

అన్నిటికంటే మనకు దగ్గరి కథ ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ది. 1931లో లూసీ విల్స్ బొంబాయి గర్భిణుల రక్తహీనతను ఈస్ట్ సారంతో నయం చేసి, దీని ఉనికిని సూచించింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని అమెరికా లెడర్లీ ప్రయోగశాల బృందం 1940ల మధ్యలో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత అక్కడే ఈ విటమిన్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ రూపొందాయి. ముందుగా పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడిన అమినోప్టెరిన్‌ను 1951లో కీళ్లవాతానికి ప్రయత్నించారు. మెథోట్రెక్సేట్‌కు అమెరికాలో 1988లో ఈ జబ్బుకు అనుమతి లభించింది. సుబ్బారావు అంతకు నలభై ఏళ్ల ముందే, 1948లో కన్నుమూశారు.

నేడు ఈ జబ్బుకు వైద్యులు ముందుగా ఎంచుకునే మందు మెథోట్రెక్సేటే. దానితో పాటు ఫోలిక్ ఆమ్లం ఎందుకు రాస్తారో చాలామంది రోగులకు తెలియదు. ఆ మందు వల్ల కలిగే నోటిపూత, వాంతులు, కాలేయంపై ప్రభావం తగ్గడానికే. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవలసిన మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వారంలో ఏ రోజు వేసుకోవాలో మందుల చీటీ మీద తెలుగులో రాయించుకుని, ఆ చీటీని ఇంట్లో మరొకరికి కూడా చూపించి ఉంచాలి.