మెడ మీద నలుపు మట్టి కాదు

విశాఖ ఎంవీపీ కాలనీలో ఉండే మా పిన్ని, కూతురి మెడ వెనక నలుపు వదలగొట్టాలని రెండేళ్లు నిమ్మచెక్కతో రుద్దింది. సున్నిపిండీ అయింది, పెరుగూ శనగపిండీ అయ్యాయి. ‘బీచ్ ఎండకి మాడిపోయిందే’ అనేది. ఎండకైతే ముందు ముఖం కదా మాడాలి! నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంటే మాత్రం, పెళ్లయితే అదే సర్దుకుంటుందని ఊరుకున్నారు.

చివరికి స్కానింగ్ తీయిస్తే పీసీఓఎస్ అన్నారు, అంటే అండాశయాల్లో తరచూ బుడగల్లాంటివి కనిపించే హార్మోన్ల సమస్య. ‘బుడగలు ఆపరేషన్ చేసి తీసేస్తారా డాక్టరు గారూ?’ అనడిగింది పిన్ని.

మరీ నవ్వాల్సిన ప్రశ్నేం కాదు. 1935లో షికాగో వైద్యులు స్టైన్, లెవెంథాల్ ఇదే సమస్య ఉన్న ఏడుగురి కేసులు రాశారు. వాళ్లు చేసింది అండాశయాల్లో కొంత ముక్క కోసి తీయడమే. ఏడుగురికీ నెలసరి తిరిగొచ్చింది, ఇద్దరు గర్భవతులయ్యారు కూడా.

అయితే అవి నీటి బుడగలు కావు. ఒక్కో అండాన్ని మోసే చిన్న సంచులు. నెలనెలా కొన్ని పెరగడం మొదలుపెడితే ఒకటి పెద్దదై పగిలి అండాన్ని వదలాలి. ఇక్కడ ఏదీ ఎదగదు, అన్నీ 2 నుంచి 9 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి.

ఎందుకాగుతాయంటే, చాలామందిలో ఇన్సులిన్ పేరు చెప్పాలి. ఒళ్లు దాని మాట వినకపోతే క్లోమం ఇంకా ఎక్కువ వదులుతుంది. ఆ ఎక్కువైంది అండాశయాన్ని ఎగదోసి ఆండ్రోజెన్లు, అంటే మగ హార్మోన్లు, ఎక్కువగా తయారు చేయిస్తుంది. దాంతో గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు, తప్పిపోయే నెలసరి. మెడ చర్మాన్ని మందంగా, నల్లగా చేసేదీ ఆ ఇన్సులినే. నిమ్మచెక్కకి ఎలా పోతుంది? సన్నగా ఉన్నవాళ్లకీ ఇది రావచ్చు.

2003 నాటి రాటర్‌డామ్ నిబంధనల ప్రకారం పీసీఓఎస్ అని తేల్చాలంటే నెలసరి గాడి తప్పడం, ఆండ్రోజెన్లు ఎక్కువవడం, స్కానింగ్‌లో ఆ సంచులు కనిపించడం, ఈ మూడింట్లో రెండుండాలి. అదీ థైరాయిడ్ లాంటివి కాదని తేల్చుకున్నాకే. రజస్వలయిన ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి స్కానింగ్‌ని లెక్కలోకే తీసుకోరు. నన్నడిగితే బుడగలు లెక్కపెట్టడం కన్నా నెలసరి తేదీలు లెక్కపెట్టడం మేలు. నెలల తరబడి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమైపోతుంది, అసలు భయం అక్కడుంది.

డాక్టరమ్మ ఆరు నెలల తేదీలు అడిగితే తల్లీకూతుళ్లు ముఖాలు చూసుకున్నారు. ఇంట్లో గోడ క్యాలెండర్‌లో పాల లెక్కుంది, గ్యాస్ బండ వచ్చిన రోజుంది. ఇప్పుడు వాటి పక్కన ఎర్ర పెన్నుతో చిన్న చుక్క కూడా పెడుతోంది మా చెల్లి.